గడువు గురువారం

కత్తి పట్టి రెండేళ్లయింది.
ఇప్పుడు నా చేతిలో పెన్ను, నడుముకి రేడియో,
మెడలో నాలుగు కంటైనర్ల తాళాలు.
కల్నల్ ముతింతా, ముఖ్య వైద్యాధికారి.
జాంబియా నుంచి మా అక్క ఇప్పటికీ అడుగుతుంది,
"ఇవాళ ఎవరికి ఆపరేషన్ చేశావే?"
"డీజిల్‌కి" అంటాను.

మలకాల్‌లో వానాకాలం.
నల్లరేగడి విమానం చక్రాన్ని
అప్పులవాడిలా పట్టుకుంటే వదలదు.
తెల్ల నైలు పేరుకే తెల్లన,
గుర్రపుడెక్క మోసుకుంటూ
మరిగిన టీ రంగులో పోతుంటుంది.

పొద్దున మీటింగులో నేను చదివే అంకెలు:
మంచాలు ఇరవై, నిండినవి పదకొండు.
మలేరియా తొమ్మిది, పాముకాటు ఒకటి, బెణుకు ఒకటి.
ఆక్సిజన్ ఆరు రోజులకి.
రక్తం నాలుగు సంచులు, ఓ నెగటివ్,
గడువు గురువారం.
అందరూ తలలూపుతారు.

బుధవారం రాత్రి ఒకటిన్నర,
క్యాలెండరు లెక్కన గురువారమే,
కాన్వాయ్ మీద కాల్పులు.
బిర్ఖ రాయ్, నేపాల్ బెటాలియన్, ఇరవై నాలుగేళ్లు.
మోకాలి కింద కాలు కాలులా లేదు.
హెలికాప్టర్ అడిగాను.
రుస్లాన్ హెల్మెట్ పెట్టుకునే కూర్చున్నాడు.
కానీ ఆకాశం మాది కాదు,
దాని అనుమతి ఎక్కడో
నిద్రపోతున్న ఒక జనరల్ దిండు కింద ఉంది.
"తెల్లారనివ్వండి" అన్నారు.
ఎవరికి తెల్లారాలి అని అడగబోయి
మింగేశాను.

అప్పుడే గేటు దగ్గర్నుంచి అముం గొంతు:
"మేడమ్, ఒక మంచం వచ్చింది."
మంచమంటే మంచమే.
మోకాలి లోతు నీళ్లలో నలుగురు షిల్లుక్ మనుషులు,
భుజాల మీద నులకమంచం,
దాని మీద న్యాచాన్.
బిడ్డ బయటికొచ్చి గంటయింది.
రక్తం ఇంకా వస్తూనే ఉంది.

నిబంధన నాకు కంఠతా వచ్చు.
రాసిన కమిటీలో నేనూ ఉన్నాను.
ముందు మిషన్ సిబ్బంది.
ప్రాణాపాయంలో ఉన్న పౌరులకు, వనరులు మిగిలితే.
మిగిలితే.
ఆ మాట రాసిన రోజు గదిలో ఏసీ ఉంది,
పళ్లెంలో బిస్కెట్లున్నాయి.

మేజర్ ఓయెలారన్ నా వైపు చూడకుండా
"అబ్బాయికి నాలుగూ పట్టొచ్చు" అన్నాడు.
ఓ నెగటివ్ మనిషి కోసం క్యాంపంతా లేపాం.
దొరికింది ఒక్కడు, పంపు ఆపరేటర్,
వాడు మా తొమ్మిది మలేరియాల్లో ఒకడు.
నర్స్ సరన్‌గెరెల్ ఫ్రిజ్ పిడి పట్టుకుని నిలబడింది,
చల్లదనం పోతుందని తలుపు తీయకుండా.

ఆ నిమిషం గురించి తర్వాత చాలాసార్లు అడిగారు.
బాగా ఆలోచించానని రాసిచ్చాను.
అబద్ధం.
జనరేటర్ చప్పుడులో చిన్న తడబాటు వినబడింది,
అదే వింటూ
రెండు వేళ్లు చూపించాను.
రెండు ఇటు. రెండు అటు.

ఏడున్నరకి ఆకాశం తెరిచారు.
ఎంటెబ్బేలో బిర్ఖ కాలు మోకాలి పైకి తీశారు.
మూడో సంచి ఉంటే మోకాలు మిగిలేదా?
అక్కడి సర్జన్‌ని ఫోన్లో అడిగాను.
"చెప్పలేం" అన్నాడు, మర్యాదగా.
నేనూ డాక్టర్నే, ఆ మర్యాద నేనూ చాలామందికి చేశాను.

విచారణ ఫారంలో పద్నాలుగు ప్రశ్నలు.
న్యాచాన్ పేరుకి గడి లేదు.
'ఇతర వినియోగం: రెండు' అని రాశాను.

శుక్రవారం ఆమె అత్త వచ్చింది,
చీలమండల దాకా బురదతో.
బల్ల మీద నా ఫైళ్లు పక్కకు జరిపి
ఒక ఎండుచేప పెట్టింది.
"నాకొద్దని చెప్పు, అముం. తీసుకోకూడదు."
"మీకు కాదట మేడమ్.
కాలు పోయిన పిల్లాడికట."

బహుమతుల రిజిస్టర్ తెరిచాను.
విలువ అన్నచోట పెన్ను ఆగింది.
గదంతా చేప వాసన.
ఆ వాసనలోనే జుబాకి ఫోన్ చేశాను:
ఈసారి నాలుగు కాదు, ఆరు పంపండి.
ఔను, ఓ నెగటివ్.
లేదు, వృథా పోవు.

మంగళవారం విమానం సరుకుల జాబితా చివర్న
రుస్లాన్ ఇంకో పంక్తి చేర్చాడు:
చేప, ఒకటి.
చల్లగా ఉంచనక్కర్లేదు.